నింద పురుగుల మీద, నీళ్ల మీద
పిల్లాడు నిద్రలో పళ్లు పటపట కొరికితే ఉదయగిరిలోనైనా ఆత్మకూరులోనైనా ముందు వినిపించే మాట కడుపులో పురుగులున్నాయనే. నులిపురుగుల మాత్ర మంచిదే, కానీ ఈ కొరుకుడుకు అవే కారణమనడానికి గట్టి ఆధారం లేదు. నిద్ర మధ్యలో మెదడు క్షణకాలం మెలకువకు దగ్గరైనప్పుడు దవడ కండరాలు బిగుసుకుంటాయి. చాలామంది పిల్లల్లో వయసుతో పాటే ఇది తగ్గిపోతుంది. నా బెంగ పెద్దవాళ్ల గురించి; వాళ్ల పళ్లు అరిగితే నింద నీళ్ల మీద పడుతుంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ దేశంలో తొలిసారి, 1937లో, నమోదైంది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. అందుకేనేమో ఈ నెల్లూరు మెట్టలో పంటికి ఏమైనా నీళ్ల మీదికి తోసేస్తాం. ఫ్లోరైడ్ మరకలు వేస్తుంది, ముదిరితే ఎనామిల్‌ను పెళుసు చేస్తుంది, నిజమే. కానీ పైవరస, కిందివరస అంచులు ఒకదానికొకటి అతికినట్టు చదునుగా అరిగితే, పొద్దున లేవగానే దవడ, కణతలు లాగితే రాత్రి కొరుకుడును అనుమానించాలి. అప్పుల దిగులు, పొద్దుపోయాక టీ, బీడీ, మందు దీన్ని పెంచుతాయి. గురక మధ్యలో ఊపిరి ఆగేవాళ్లు ముందు దానికి వైద్యం చేయించుకోవాలి. దంతవైద్యులు కొలత తీసి ఇచ్చే నైట్ గార్డ్ పంటిని కాపాడుతుంది, కొరకడాన్ని మాన్పించదు. అయినా దానికి డబ్బు దండగనుకుని, పళ్లన్నీ అరిగాక క్యాపులకు అంతకు ఎన్నో రెట్లు పోయడం ఏం పొదుపో!