నాళపు కండరానికీ ఒక పేజీ ఇవ్వండి

దేవరాపల్లి వైపు ఎవరినడిగినా రైవాడ రిజర్వాయరు గొప్ప చెబుతారు. శారదా నది నీటిని నిలిపి పొలాలకూ విశాఖపట్నానికీ ఇచ్చేది అదే కదా. కాలవ షట్టరు ఎప్పుడు ఎత్తాలో, ఎంత దించాలో చూసే లస్కరును మాత్రం ఎవరూ తలవరు. ఒంట్లో రక్తం విషయంలోనూ ఇదే అన్యాయం. గుండెకు పాఠాలకు పాఠాలు, రంగుల బొమ్మలు. చిన్న ధమనుల గోడల్లో రేయింబవళ్లు పాటుపడే నునుపు కండరానికి మాత్రం చారలుండవు, మన ఇష్టానికి లోబడదు అని రెండు ముక్కలు. చారలు లేకపోవడం దాని నేరమా?

చిన్న ధమని వ్యాసార్థం సగానికి తగ్గితే రక్తప్రవాహానికి అడ్డు 16 రెట్లవుతుంది. బీపీ ఎక్కడం దిగడం చాలావరకు ఈ కండరం చేతిలోనే ఉందన్న మాట. లోపల ఒత్తిడి పెరిగితే నాళం ఉబ్బిపోకుండా ఎదురు బిగుసుకుంటుందనీ, దానికి నరాల ఆజ్ఞ అక్కర్లేదనీ బేలిస్ అనే శాస్త్రవేత్త 1902లోనే రాశాడు. ఇన్నేళ్లయినా మన పిల్లలకు ఆ సంగతి చెప్పేవారు లేరు.

ఈ కండరపు కణం పైపొరలో అయాన్లు దాటే ద్వారాలు, అంటే అయాన్ ఛానెళ్లుంటాయి. నాళం సాగినప్పుడు వాటిలో కొన్ని తెరుచుకుని పొర మీది విద్యుత్ తేడాను తగ్గిస్తాయి. దాంతో ఎల్-టైప్ కాల్షియం ఛానెళ్లు తెరుచుకుని, కాల్షియం లోపలికొచ్చి, కండరం బిగుస్తుంది. ఊళ్లో ఎంతోమంది వేసుకునే అమ్లోడిపిన్ మాత్ర అడ్డుపడేది ఈ ఛానెళ్లకే. ఇంతవరకు వైద్యవిద్యార్థులకు చెబుతారు, అక్కడితో ఆపేస్తారు. నా బాధంతా అక్కడే.

ఎందుకంటే ఆ ఛానెళ్లు దిక్కులేకుండా తేలుతూ ఉండవు. లోపలి వైపు యాక్టిన్ అనే ప్రోటీన్ పోగుల అల్లిక, ఆ పోగులను కలిపి పట్టే ఫిలమిన్ వంటి ప్రోటీన్లు ఉన్నాయి. కణాన్ని బయటి పీచుకు ముడివేసే ఇంటెగ్రిన్లు ఉన్నాయి. ఇంటెగ్రిన్‌ను కదిపితే కాల్షియం ఛానెల్లో ప్రవాహం మారుతుంది. సైటోకలాసిన్ అనే బూజు విషంతో యాక్టిన్ పోగులను విడగొడితే, ఒత్తిడికి బిగుసుకునే గుణమే నాళంలో దెబ్బతింటుంది. పాలిసిస్టిన్-2 అనే ప్రోటీన్ ఫిలమిన్-ఎ తోడుగా, ధమని కండరంలో సాగుడుకు స్పందించే ఛానెళ్లకు పగ్గం వేస్తుందని 2009లో పరిశోధకులు చూపారు. పాలిసిస్టిన్ల జన్యువులు చెడితే కిడ్నీల్లో నీటితిత్తులు పెరిగే వంశపారంపర్య జబ్బు వస్తుంది. ఆ రోగుల్లో కిడ్నీల పని మందగించక ముందే బీపీ కనిపించడం మామూలు. ఇంత పని చేసే ప్రోటీన్లను కణానికి ఆకారమిచ్చే పంజరమని ఒక్క మాటలో తేల్చేయడం చూస్తే నాకు కోపమొస్తుంది.

పైగా ఇందులో మన మనిషి ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి, కణాలకు శక్తినిచ్చే ఏటీపీని కండరంలో కనుగొన్నది 1929లో. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నాడు. యాక్టిన్ పోగు అల్లుకోవాలన్నా, మయోసిన్ అనే ప్రోటీన్ దాన్ని లాగాలన్నా ఆ ఏటీపీయే కావాలి. కణంలో అది తగ్గితే తెరుచుకుని నాళాన్ని సడలించే పొటాషియం ఛానెళ్లు కూడా ఈ కండరంలోనే ఉన్నాయి. అంత పని చేసిన ఆయనకు హార్వర్డ్ స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1948లో అమెరికాలోనే కన్నుమూశారు. మనమైనా కండరాల పాఠంలో ఆయనను తలుస్తున్నామా?

పాఠాలు రాసే పెద్దలకు నా విన్నపం ఇదే. గుండె పేజీల్లో ఒక్కటీ తగ్గించమనను. దాని పక్కన చిన్న ధమని గోడను కోసి చూపే బొమ్మ ఒకటి వేయండి. పొరలో ఛానెళ్లు, వాటికి ఆనుకుని యాక్టిన్, ఫిలమిన్, ఇంటెగ్రిన్ పేర్లతో సహా గీయండి. ఏటీపీ దగ్గర సుబ్బారావు పేరు, 1929 అన్న ఏడు రాయండి. బీపీ మాత్ర ఏ ఛానెల్‌ను మూస్తుందో అదే బొమ్మలో గుర్తు పెట్టండి. దేవరాపల్లి పిల్ల ఆ పుస్తకం పట్టుకుని తాతయ్య మాత్ర ఏం చేస్తుందో ఇంట్లో చెప్పగలగాలి.