పద్దెనిమిదేళ్ల సీసా రెండో రోజుకి ఉంచండి

పోయిన నెల మన కుటుంబం గ్రూపులో ఒక జాబితా తిరిగింది. దీపావళికి అందరం బెంగళూరులో కలుస్తున్నాం గదా, అప్పుడు పిల్లలకి (పిల్లలంటే ముప్ఫై ఏళ్లవాళ్లే లెండి) స్కాచ్ రుచి చూపిద్దామని ఒక బావగారు తయారుచేశారు. చివాస్ 12, గ్లెన్‌లివెట్ 12, ఆపైన గ్లెన్‌ఫిడిక్ 12, 15, 18. "తక్కువ రకం పోస్తే పరువు పోతుంది" అని కింద ఒక ముక్క. దానికి మా అక్క జవాబు: "తాతల ముచ్చట్లు రాసుకునేవాళ్లం, మనకి మందు గొడవేంటప్పా?" ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది.

ముందు అక్కతో. తాతల ముచ్చట్లలో మందు లేదా? నాలుగు తరాలుగా ఈ ఊళ్లో ఉన్నాం. మిలిటరీ క్యాంటీను రమ్ము తెచ్చుకుని, మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక నిలబడి, కిందనించి అన్నానికి పిలిచేలోపు రెండు గుక్కల్లో దించేయడం మనింటి మగవాళ్లు నేర్చుకున్న విద్య. అందులో రుచి చూసే తీరికెక్కడిది? మా చిన్నాన్న యాభై దాటకుండానే ఆ గుక్కలతో పోయాడు. ఊరందరికీ కామెర్లని చెప్పాం. అందుకే నేననేది, మొదటిసారి తాగేవాడికి హాల్లో, అందరి మధ్య, ఆడవాళ్లు కూడా కూర్చున్న చోట, కొలిచి పోయాలి. వద్దన్నవాళ్లని రెండోసారి అడగకూడదు. కారు తాళాలు ముందే అత్తమ్మ చేతికి ఇచ్చేయాలి. వయసు చట్టం రాష్ట్రానికొక తీరు; పుణే నుంచి వచ్చేవాళ్లకి తెలుసు, అక్కడ 25.

ఇక బావగారి జాబితా. ఐదు సీసాలకీ ఊరు దాదాపు ఒకటే. స్కాట్లండ్ డిస్టిలరీలు చాలా స్పే నది చుట్టుపక్కలే ఉన్నాయి, ఈ పేర్లన్నీ అటువైపువే. పన్నెండేళ్ల సింగిల్ మాల్టులు రెండూ తేలిగ్గా, ఆపిల్, బేరిపండు వాసనతో ఉంటాయి. మంచివే, కాదనను. కానీ కొత్తవాడికి వరసగా పోస్తే మూడో గ్లాసుకి "అన్నీ ఒకేలా ఉన్నాయి మామా" అంటాడు. తప్పు వాడిది కాదు, ఒకే కూరని ఐదు గిన్నెల్లో పెట్టాం మనం.

అంకె సంగతీ అంతే. సీసా మీది 12 అంటే లోపల కలిపినవాటిలో అన్నిటికంటే చిన్నదాని వయసు. చట్టం అడిగేది స్కాట్లండ్‌లో ఓక్ పీపాల్లో మూడేళ్లు, 40 శాతానికి తగ్గని ఆల్కహాలు. ఎక్కువేళ్లు ఉంటే పీపా చెక్క రుచి ఎక్కువ దిగుతుంది, ధర పెరుగుతుంది. బాగుండటం అనేది వేరే లెక్క. గ్లాసు లైటుకి పెట్టి "ఏం రంగు, ఏం రంగు" అనే పెద్దమనుషులు ఇంకొకటి వినాలి. స్కాచ్‌లో రంగు కోసం కారమెల్ కలపడానికి చట్టమే ఒప్పుకుంటుంది.

నా జాబితాలో నాలుగే. మొదట బ్లాక్ లేబుల్. నవ్వకండి! మనందరికీ తెలిసిన రుచి అదొక్కటే, గీటురాయి కావాలంటే తెలిసినదే పెట్టాలి. అది బ్లెండు, అంటే మాల్టు విస్కీలూ గ్రెయిన్ విస్కీలూ కలిపినది. రెండోది గ్లెన్‌లివెట్ 12, స్పేసైడ్ తరఫున ఒక్కటి చాలు. మూడోది గ్లెన్‌డ్రోనక్ 12. అది స్పెయిన్ షెర్రీ పీపాల్లో ఊరింది, ఎండు ద్రాక్ష, ఖర్జూరం వాసన. పీపా ఏం చేస్తుందో రెండు మూడు గ్లాసుల మధ్య తేడాలోనే తెలిసిపోతుంది, ఉపన్యాసం అక్కర్లేదు.

చివర లఫ్రాయిగ్ 10, ఐలా దీవిది. బార్లీని మొలకెత్తించి ఆరబెట్టడం రాగి మాల్టు చేసుకునే మనకి కొత్త కాదు. వాళ్లు ఆరబెట్టేటప్పుడు పీట్ అనే బురదనేల గడ్డల్ని కాల్చి ఆ పొగ పట్టిస్తారు. అందుకే టించరు వాసన, ఆసుపత్రి కట్టు వాసన. మా మామ ఒకాయన ఇలాంటిదాన్నే మొట్టమొదట పోసి, మొహం చిట్లించిన కుర్రాణ్ణి చూసి "మగాడివేనా" అన్నాడు. ఆ కుర్రాడు దాంట్లో కోలా పోసుకున్నాడు, ఆ తర్వాత స్కాచ్ జోలికే రాలేదు. పొగ నాలుక మీద కూర్చుందంటే తర్వాత వచ్చే సన్నటి రుచులేవీ తెలియవు. అందుకే అది చివర.

అది అయ్యాక మళ్లీ మొదటి గ్లాసులో మిగిల్చిన బ్లాక్ లేబుల్ వాసన చూడమనండి. ఇరవై ఏళ్లుగా తాగినవాళ్లకి కూడా అందులో సన్నగా పొగ అప్పుడే దొరుకుతుంది. ఐలాలోని కౌల్ ఈలా మాల్టు జానీ వాకర్ బ్లెండ్లలోకి వెళ్తుంది గదా. మా ఇంట్లో ఇది చేసినప్పుడు నోరు తెరిచింది కుర్రాళ్లు కాదు, అరవై ఏళ్ల పెదనాన్న!

ఒక్కోటి 15 మి.లీ. నాలుగు కలిపి 60, మనవాళ్ల భాషలో ఒక లార్జ్. గంటన్నర పట్టాలి. నీళ్లు కలిపితే పాపం అనేవాళ్ల మాట వినొద్దు, నాలుగు చుక్కలు పడితే ఘాటు తగ్గి వాసన విచ్చుకుంటుంది. ఐసు మాత్రం వాసనని అణిచేస్తుంది. స్టీలు లోటాలు వద్దు, మూతి సన్నగా ఉండే గాజు గ్లాసు ఏదైనా సరే. మిరపకాయ బజ్జీ, చికెన్ 65 అయిపోయాకే రావాలి. ముందు బొరుగులు, ఉప్పులేని వేరుశనగలు చాలు. వదిన కోప్పడుతుంది, పడనీండి.

సీసాలకి కాగితం చుట్టి అంకెలు వేయాలి. ధర కనబడితే నాలుక అబద్ధమాడుతుంది. బావగారూ, మీ పద్దెనిమిదేళ్లది తప్పక తెండి, మొదటి రోజు బీరువాలో పెడదాం. చుట్టడానికి పాత ప్రజావాణి పేపర్లు నా దగ్గర కట్టగా ఉన్నాయి.