కందెనలోని కొవ్వు ఎవరిది?

మన పల్లెల్లో ఎద్దుబండి ఇరుసుకు కందెన వేయడం చూచినవారు మనలో ఇంకా కొందరున్నారు. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి ఇరుసుకు పూసేవారు. రెండు గట్టి వస్తువులు ఒరుసుకొన్నప్పుడు వాటి మధ్య మెత్తని పొర ఒకటి నిలిచి ఉండాలి. కందెన శాస్త్రమంతా ఈ ఒక్క వాక్యంలో ఇమిడి ఉన్నది. అయితే ఆ పొర దేనితో చేశారన్న ప్రశ్న ఒకప్పుడు మన దేశ చరిత్రనే కుదిపివేసింది. ఆ కథలో సౌదీ అరేబియాలో కాపురముంటున్న మనకు కూడ ఒక పాఠమున్నదని నా అభిప్రాయం.

సీసపు గుండును తుపాకిలో వాడాలంటే రెండు పనులు చేయాలి. ఒకటి, దానిని సరియైన కొలతకు దిద్దడం. రెండు, దానికి కందెన పట్టించడం. అమెరికాలో ఇళ్లలో సీసం కరిగించి గుండ్లు పోసుకొనే అభిరుచి గలవారు నేటికీ ఈ రెండు పనులూ చేస్తారు. సాధారణంగా వారు గుండును గొట్టం లోపలి గాడుల కొలత కంటె అంగుళంలో వెయ్యవ వంతు పెద్దదిగా దిద్ది, తేనెమైనం కలిసిన కందెన పూస్తారు. లేనిచో మెత్తని సీసం గొట్టానికి అంటుకొని గురి చెడుతుంది.

1853 నమూనా ఎన్‌ఫీల్డ్ తుపాకిలో కొలత ఇందుకు విరుద్ధం. దానిని మూతివైపు నుండి నింపాలి కనుక గుండు గొట్టం కంటె చిన్నదిగా ఉండాలి. గొట్టం వ్యాసం 0.577 అంగుళాలు, గుండు వ్యాసం 0.568 అంగుళాలు. రెంటికీ నడుమ తేడా పావు మిల్లీమీటరు కూడ లేదు. పేల్చినప్పుడు గుండు అడుగుభాగం వ్యాకోచించి, మెలితిరిగిన గాడులను పట్టుకొనేది. తుపాకిమందు మసి పేరుకొన్న గొట్టంలోకి ఇంత బిగువైన గుండు దిగాలంటే, దాని చుట్టూ ఉన్న కాగితానికి కందెన తప్పనిసరి. అందుకు పశువుల కొవ్వును, తేనెమైనాన్ని కలిపి వాడారు. తేనెమైనం సుమారు 62 నుండి 64 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. పశువుల కొవ్వు అంతకంటె చాల తక్కువ వేడికే కరుగుతుంది. ఎండదేశాలలో ఈ కొవ్వు కరిగి కాగితంలోకి ఇంకిపోవడంతో, తరువాతి కాలంలో గుండు వ్యాసాన్ని 0.55 అంగుళాలకు తగ్గించి, కందెనలో మైనం పాలు పెంచారు. అంటే కొవ్వు వాడకం మత దృష్టితోనే కాదు, రసాయన దృష్టితో చూచినా మన వాతావరణానికి తగినది కాదు.

1857 జనవరిలో కలకత్తా సమీపాన గల దమ్‌దమ్‌లో, తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట సిపాయిలలో పాకింది. తూటా కాగితాన్ని పంటితో కొరకాలి. హిందువుకు ఒకటి, ముస్లిముకు మరొకటి నిషిద్ధం. అధికారులు విచారించగా తేలినది ఏమిటి? కొవ్వు సరఫరా చేసేవారిని అది ఏ జంతువుదో ఎవరూ అడగలేదు. అభ్యంతరకరమైన కొవ్వు కలవకుండా ప్రత్యేకమైన జాగ్రత్త ఏదీ తీసుకోలేదు. ఆ నెలాఖరుకే, కందెన లేని తూటాలనే ఇవ్వాలనీ, సిపాయిలు తమకు ఇష్టమైనది పూసుకోవచ్చుననీ ప్రభుత్వం ఉత్తర్వు చేసింది.

కాని అప్పటికే నమ్మకం పోయింది. బారక్‌పూర్‌లో సిపాయిలు కందెనను వదలి, తూటా కాగితాన్నే శంకించారు. అది మెరుస్తున్నది కాబట్టి అందులో కొవ్వు ఉన్నదన్నారు. ప్రభుత్వ రసాయన పరీక్షకుడు దానిని పరీక్షించి, అందులో కొవ్వు కలపలేదని నివేదిక ఇచ్చాడు. రసాయన శాస్త్రం నిజమే చెప్పింది, కాని వినేవారు లేరు. ఏప్రిల్ 24న మీరట్‌లో 90 మంది ఆశ్వికులలో 85 మంది తూటాలు ముట్టమన్నారు. అవి పాతరకం తూటాలే. మే 10న తిరుగుబాటు చెలరేగింది. జూలై 17న హైదరాబాదులో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వంలో రెసిడెన్సీపై దాడి జరిగింది. ఈ మహాసంఘటనకు రాజకీయ, ఆర్థిక కారణాలు అనేకం. తూటా వాటిలో నిప్పురవ్వ మాత్రమే. కాని ఆ రవ్వ పుట్టినది, ఒక పదార్థం ఎక్కడినుండి వచ్చినదో వ్రాసిపెట్టుకొనని నిర్లక్ష్యంలో.

ఇక్కడి దుకాణాలలో మన గృహిణులు బిస్కట్ పొట్లాన్ని త్రిప్పి చూస్తున్నప్పుడు నాకు ఈ కథ గుర్తుకు వస్తుంది. ముస్లిం సోదరి హలాల్ అవునా కాదా అని చూస్తుంది. శాకాహారి అయిన మన ఇల్లాలు అందులో జెలటిన్ ఉన్నదేమోనని చూస్తుంది. హలాల్ గుర్తు ఆమె సందేహం తీర్చదు. ఇ-471 అని ఉన్న పదార్థం తాటిజాతి చెట్టు నూనె నుండి రావచ్చు, పశువుల కొవ్వు నుండీ రావచ్చు. "అణువు ఒక్కటే కదా, ఎక్కడినుండి వస్తేనేం?" అని మాబోటి రసాయనికులు నవ్వడం కద్దు. ఈ నవ్వు తప్పని నేను వాదిస్తాను. స్టియరిక్ ఆమ్లం ఏ మూలం నుండి వచ్చినా అణువు ఒక్కటే, నిజమే. కాని అడిగినవారు అణువును గురించి అడగలేదు, అది వచ్చిన దారిని గురించి అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే శక్తి 1857 నాటి శాస్త్రానికి అంతగా లేదు. నేడున్నది. పంది కొవ్వులో పామిటిక్ ఆమ్లం గ్లిసరాల్ నడిమి స్థానంలో అధికంగా ఉంటుంది, గొడ్డు కొవ్వులో అలా ఉండదు. కాని పదార్థాన్ని బాగా శుద్ధిచేసిన తరువాత ఇట్టి గుర్తులు చాలావరకు చెరిగిపోతాయి. అప్పుడు మిగిలేది తయారుచేసినవాని మాట ఒక్కటే. అందుచేత మూలాన్ని చెప్పడం ప్రయోగశాల పని కంటె ముందు తయారీదారుని ధర్మం.

ప్రత్యామ్నాయాలు లేవా అంటే, మన ఆముదమే సాక్షి. దాని నుండి తీసే 12-హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లంతో లిథియం సబ్బు చేసి, దానితో గ్రీజు తయారుచేస్తారు. నేడు ప్రపంచంలో అత్యధికంగా వాడే గ్రీజు ఈ జాతిదే. మహబూబ్‌నగర్, నల్గొండ మెట్టపొలాల పంటతో బండి ఇరుసుకు చేసిన సేవనే, నేడు ఈ ఎడారిలో తిరిగే కార్ల చక్రాలకు ఆముదం జాతి పదార్థం చేస్తున్నది.

చివరగా ఒక చిన్న సూచన. మన సంఘం విందులలో శాకాహారులు, మాంసాహారులు, హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు ఒకే పంక్తిలో కూర్చుంటారు. ప్రతి వంటకం ప్రక్కన ఒక చిన్న చీటీ ఉంచి, అందులో ఏ నూనె, నేయి, కొవ్వు, జెలటిన్ వాడారో వ్రాద్దాం. ఎవరూ అడగకముందే వ్రాద్దాం. అడిగిన తరువాత చెప్పిన నిజానికి ఎంత విలువ దక్కుతుందో బారక్‌పూర్ రసాయన నివేదికే చెబుతున్నది.