ఉల్కాశిలను కోసే ముందు

ఆకాశం నుండి రాలిన శిల చేతికి అందినప్పుడు దాని లోపల ఏమున్నదో చూడాలనిపించడం సహజం. ఆ కుతూహలం తప్పు కాదు. వాతావరణంలో ప్రయాణిస్తూ ఉల్కాశిల పైభాగం కరిగి నల్లని పెంకుగా మారుతుంది. అసలు చరిత్ర లోపలే ఉంటుంది. అనేక ఉల్కాశిలల వయస్సు సుమారు 456 కోట్ల సంవత్సరాలు. సౌరకుటుంబం రూపుదిద్దుకున్న నాటి పదార్థం వాటిలో నిలిచి ఉన్నది. కనుక కోయడం అవసరమే. ఎవరు, దేనిని, ఎలా కోయాలన్నదే ప్రశ్న.

చిన్న ఉల్కాశకలాలను కొని, చేతిలో ఇమిడే రోటరీ యంత్రాలతో ఇంటిలోనే కోసే అభిరుచి పలు దేశాలలో ఉన్నది. అభిరుచి మంచిదే కాని తొందరపాటు ప్రమాదకరం. నిమిషానికి వేలసార్లు తిరిగే చక్రం కొంచెం వంగినా పగిలి ముక్కలు కంటికి తగలవచ్చు. అందువల్ల రక్షక కళ్ళద్దాలు తప్పనిసరి. శిలను చేతితో పట్టుకోక వైస్‌లో కదలకుండా బిగించాలి. వదులు దుస్తులు, విరబోసిన జుట్టు చక్రానికి చుట్టుకుంటాయి. పొడిగా కోస్తే లేచే ధూళిలోని ఖనిజాలు, నికెల్ ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. కాబట్టి ధూళిని ఆపే మాస్కు ధరించి, వజ్రపు పూత గల పలుచని చక్రంతో, నీటితో తడుపుతూ, బలం ప్రయోగించకుండా కోయాలి. ఆ నీరు విద్యుత్ యంత్రంలోకి చేరితే ప్రాణానికే ముప్పు. కోసిన ముక్కను వెంటనే ఆరబెట్టకపోతే అందులోని ఇనుము తుప్పు పడుతుంది.

కొన్న శకలం సంగతి వేరు, పొలంలో దొరికిన శిల సంగతి వేరు. మన దేశంలో రాలిన ఉల్కాశిలలను భద్రపరచే బాధ్యత భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థది. 2017 జూన్ 6న రాజస్థాన్‌లోని ముకుంద్‌పురాలో పడిన శిల కర్బన పదార్థం గల అరుదైన జాతికి చెందినదని పరీక్షలలో తేలింది. అటువంటి శిలను ఎవరైనా ముచ్చటపడి ఇంటిలో కోస్తే చేతి చెమట, కుళాయి నీరు దానిలో కలిసి, శాస్త్రజ్ఞులు వెదికే ఆధారమే కలుషితమవుతుంది. ఆ నష్టాన్ని ఏ ప్రయోగశాలా పూడ్చలేదు.

చక్రం మందమంత శిల ప్రతి కోతలోనూ పొడిగా రాలిపోతుంది. కంసాలి రవ్వంత బంగారపు రజనును కూడా వదులుకోడు. భూమి కంటే పాతదైన శిల అంతకంటే చౌకైనదా? కోయగల నేర్పు ఒక విద్య. కోయకుండా ఆగగల వివేకం అంతకంటే గొప్ప విద్య. విద్యార్థులు ఈ రెండింటినీ అలవరచుకోవాలి.