ఈ జట్టును చెదరనివ్వకండి



మైపాడు తీరంలో పొద్దువాలే వేళ పిల్లలు తడి ఇసుకలో మడమతో గీత గీసి చెడుగుడు ఆడుతుంటారు. కూత ఆపకుండా, పడిపోయాక కూడా వేలికొసతో నడిగీత అందుకోవాలని పాకే కుర్రాణ్ణి చూస్తే నాకు ప్రో కబడ్డీ లీగ్‌లోని మన తెలుగు టైటాన్సే గుర్తొస్తుంది.

ఆ జట్టు కోసం ఏళ్ల తరబడి గుండె రాయి చేసుకున్నాం. 2023 వేలంలో రైడర్ పవన్ సెహ్రావత్‌కు 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టారు. ఆ సీజన్లో 22 మ్యాచ్‌లు ఆడితే గెలిచినవి రెండే. తప్పు పవన్‌ది కాదు. ఇది ఏడుగురి ఆట. రైడర్ అవుటై బయట కూర్చుంటే, అతణ్ణి మళ్లీ లోపలికి తేవాలంటే తోటివాళ్ల రైడో, డిఫెండర్ల పట్టో కావాలి.

2025లో పవన్ తమిళ్ తలైవాస్‌కు వెళ్లాడు. విజయ్ మలిక్ నాయకత్వం, భరత్ హుడా దూకుడు కలిసొచ్చి, 2016 తర్వాత మళ్లీ ప్లేఆఫ్స్ చూశాం. రెండో క్వాలిఫయర్‌లో పుణేరి పల్టన్ చేతిలో ఓడి, ఫైనల్ గడప దగ్గర ఆగిపోయాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయినా తలెత్తుకునే ఉన్నాం.

అందుకే యాజమాన్యానికి నా విన్నపం: కుదిరిన జట్టును చెదరగొట్టకండి. పెద్ద పేర్ల వెంటపడే డబ్బుతో కార్నర్ డిఫెండర్లను పెంచండి. మన పల్లెల ఇసుకలో ఆడే కుర్రాళ్లను ఒకసారి వచ్చి చూడండి.

ఈ సంచికను ఆ కుర్రాళ్లకే అంకితం ఇస్తున్నాం.

— సంపాదకుడు