వరి వంశం లెక్కలో కూలీ చెయ్యి

శామీర్‌పేట దగ్గర తుర్కపల్లి చుట్టూ జీనోమ్ వ్యాలీ పేరుతో పరిశోధనశాలలు లేచాయి. మేడ్చల్ రోడ్డు వెంట విత్తన కంపెనీలున్నాయి. మనం నాట్లేసిన మడుల్లో ప్లాట్ల రాళ్లు పాతారు. ఇదంతా ఇంటి ముందే జరుగుతున్నా, విత్తనానికి డీఎన్‌ఏ పరీక్ష అంటే చదువుకున్నోళ్ల సంగతి, మనకెందుకని కూలీలు అనుకుంటున్నారు. అది మన సంగతే.

ఏమిటీ పరీక్ష? వరి ఆకు ముక్క నూరి అందులోని డీఎన్‌ఏ తీస్తారు. అందులో కొన్ని చోట్ల ఒక చిన్న గుర్తు మళ్లీ మళ్లీ వస్తుంది, బతుకమ్మ పాటలో ఉయ్యాలో వచ్చినట్లు. ఒక రకంలో పదిసార్లు వస్తే ఇంకో రకంలో పదిహేనుసార్లు రావచ్చు. వీటినే మార్కర్లంటారు. ఇలాంటి చోట్లు చాలా పోల్చిచూస్తే ఏ రకం దేనికి దగ్గరో, ఏది దూరమో తేలుతుంది. సంచి మీద ఒక పేరు, లోపల వేరే విత్తనం ఉంటే ఆ మోసమూ బయటపడుతుంది.

అన్ని మడుల్లో ఒకే వంగడమైతే ఒక్క తెగులు చాలు, ఊరంతా ఊడ్చుకుపోతుంది. రైతుకు అప్పు మిగులుతుంది, కూలీకి కోతలుండవు. 1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబమసూరి బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకోలేదు. హైదరాబాదు సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి, మార్కర్ల సాయంతో మూడు నిరోధక జన్యువులను సంకరం ద్వారా అందులోకి తెచ్చి, 2008లో మెరుగైన సాంబమసూరినిచ్చాయి. ప్రజల సొమ్ముతో ప్రభుత్వ శాస్త్రజ్ఞులు చేసిన మేలిది. ఆ మూడింటిలో ఒకటి ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిది.

సాంబమసూరి పుట్టింది మసూరి నుంచి. ఆ మసూరి 1967-68లో మలేషియా నుంచి మన దేశానికొచ్చింది. ఎరువు ఎక్కువైతే పడిపోతుందని శాస్త్రజ్ఞులు దాన్ని పక్కనపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక వ్యవసాయ కూలీ ఆ గింజలు కొన్ని తన ఊరికి పట్టుకుపోయాడు. అక్కణ్ణుంచి ఊరూరా పాకి, ఐఆర్ 8, జయ తర్వాత దేశంలో ఎక్కువ పండే మూడో రకమైంది. మసూరి చుట్టరికాన్ని మార్కర్లు చూపగలవు. దాన్ని మోసుకొచ్చిన చెయ్యిని చూపలేవు. అది చట్టం చూడాలి.

2001 నాటి వంగడాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ఉంది. విత్తనం దాచుకోవచ్చు, తిరిగి విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవచ్చు. ఆ చట్టంలో రైతంటే పట్టాదారొక్కడే కాదు. పాత వంగడాలను కాపాడినవాళ్లూ, మంచి గింజ ఎంచి మెరుగుపరిచినవాళ్లూ రైతులే. విత్తనం ఏరి గాదెలో దాచిన కూలీ ఆడవాళ్లకూ ఆ హక్కుంది. కాగితం మీది ఈ హక్కు ఊళ్లోకి రావాలి.

అందుకే మన కోర్కెలు. విత్తనం మీద ఫిర్యాదు వస్తే సర్కారు ఖర్చుతో డీఎన్‌ఏ పరీక్ష జరిపించి, ఫలితం తెలుగులో గ్రామసభ ముందు చదవాలి. పాత రకాలు సేకరించేటప్పుడు ఇచ్చిన మనిషి పేరు, ఊరు రాయాలి. పరిహారం కౌలుదారుకూ దక్కాలి. పోయిన పనిదినాలకు కూలీకీ కట్టివ్వాలి.

వానాకాలం నార్లు పోసేలోపే మేడ్చల్, శామీర్‌పేట ఊళ్లలో సంఘం కార్యకర్తలు ఇల్లిల్లూ తిరగాలి. ఎవరి దగ్గర ఏ పాత విత్తనముందో జాబితా రాయాలి. ఎవరడిగినా, పేరు రాయించుకున్నాకే పిడికెడు గింజలివ్వాలి.