లెక్కకు రాని ఇల్లు ఏ వీధిలో ఉంది?

ఆదివారం ఆరాధన ముగిశాక ప్రకటనల సమయంలో "ఆరోగ్య బీమా కార్డు లేనివాళ్లు పేర్లు ఇవ్వండి" అని చెప్పడం మన సంఘాల్లో మామూలే. కొందరు ముందుకొస్తారు. పేర్లు రాసుకుంటాం, కార్డులు ఇప్పిస్తాం, దేవునికి స్తోత్రం చెప్పుకుంటాం. మంచి పనే. కానీ ఆ రోజు గుడికి రాలేనివాళ్ల మాటేమిటి? చీకటితోనే వీధులు ఊడ్వడానికి వెళ్లిన అక్క, రాత్రి షిఫ్టు దిగి నిద్రపోతున్న పవర్‌లూమ్ కార్మికుడు, మంచం దిగలేని అవ్వ. కార్డు అవసరం ఎక్కువగా ఉన్నది వీళ్లకే. మన ప్రకటన వాళ్ల చెవిన పడనే లేదు.

కార్డు తీసుకున్నవాళ్లను లెక్కపెట్టుకుని సంతోషపడడం ఇక చాలు. తీసుకోనివాళ్లు ఏ వీధిలో, ఏ ఇంట్లో ఉన్నారో పటం గీసి చూద్దాం. ఈ సంచికలో మా మనవి ఇదే.

2018 సెప్టెంబరు 23న మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకం కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి చికిత్సకు భరోసా ఇస్తుంది. మొదట 10.74 కోట్ల కుటుంబాలను ఎంచుకున్నారు. దానికి ఆధారం 2011 నాటి సామాజిక ఆర్థిక కుల గణన. పట్టణాల్లో 11 రకాల పనులు చేసేవాళ్లకు అర్హత ఉంది. పారిశుద్ధ్య కార్మికులు, ఇళ్లలో పనిచేసేవాళ్లు, చెత్త ఏరుకునేవాళ్లు, తోపుడు బండ్లవాళ్లు, భవన నిర్మాణ కూలీలు అందులో ఉన్నారు. ఆ జాబితా చదివితే మన వాడలను చూసే రాశారా అనిపిస్తుంది. అయినా మన వాడల్లో కార్డు లేని ఇళ్లు ఎందుకున్నాయి?

మొదటి చిక్కు పేరు దగ్గరే. మనకు ఇంటిపేరు ముందుంటుంది. తమిళనాడులో తండ్రి పేరు తొలి అక్షరం చేరుస్తారు. మహారాష్ట్రలో పేరుకూ ఇంటిపేరుకూ మధ్య తండ్రి పేరో భర్త పేరో వస్తుంది. దానికి తోడు బాప్తిస్మపు పేరు ఒకటి, బడిలో రాయించిన పేరు ఇంకొకటి. ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో మరోలా ఉంటే కార్డు అక్కడే ఆగిపోతుంది.

రెండోది కులం. పల్లెల్లో ఎస్సీ, ఎస్టీ కుటుంబం కావడం కూడా అర్హతే. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళిత క్రైస్తవులు ఎస్సీల లెక్కలోకి రారు. ఆ అన్యాయం మీద పోరాటం సాగాల్సిందే. ఈలోగా మిగతా దారులు మూసుకుపోలేదని మనవాళ్లకు ఎవరు చెబుతున్నారు? భూమి లేని కూలి కుటుంబానికి ఆ ఆధారంతోనే అర్హత ఉంది. కేంద్రం 2024 అక్టోబరు 29న 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ పథకాన్ని విస్తరించింది. తమిళనాడు ముఖ్యమంత్రి బీమా పథకం ఏడాదికి 1.20 లక్షల రూపాయల లోపు ఆదాయాన్ని చూస్తుంది. మహారాష్ట్రకు మహాత్మా జ్యోతిరావు ఫూలే పథకం ఉంది. ఒడిశా 2025 ఏప్రిల్‌లో ఆయుష్మాన్ భారత్‌ను అమల్లోకి తెచ్చింది. ఒక రాష్ట్రంలో తెలుసుకున్న మాట ఇంకో రాష్ట్రంలో చెల్లకపోవచ్చు.

అమెరికాలో 2010 నాటి ఆరోగ్య చట్టం కింద 2013 అక్టోబరు 1న బీమా నమోదు మొదలైనప్పుడు వాళ్లకూ ఇలాంటి చిక్కే వచ్చింది. బీమా లేనివాళ్లు కోట్లలో ఉన్నారు, వాళ్లను వెతికేది ఎక్కడ? ఎన్‌రోల్ అమెరికా అనే స్వచ్ఛంద సంస్థ ఎన్నికల ప్రచారంలో ఓటర్లను వెతికే పద్ధతినే అరువు తెచ్చుకుంది. బీమా లేనివాళ్లు ఎక్కడ ఎక్కువగా ఉండవచ్చో సమాచారంతో అంచనా కట్టి, కార్యకర్తలను అక్కడికి పంపింది. ఎందరో కలిసి చేసిన కృషితో మొదటి విడతలో 80 లక్షల మంది బీమా ఎంచుకున్నారు.

ఓటు అడగడానికి వచ్చే పార్టీవాళ్ల చేతిలో ఇంటింటి జాబితా ఉంటుంది. ప్రాణం కాపాడే కార్డు కోసం తిరిగే మన చేతిలో ఎందుకు ఉండకూడదు?

యువతీయువకులారా, దీనికి పెద్ద కంప్యూటర్లు అక్కర్లేదు. ఒక చార్టు కాగితం మీద మీ వాడ వీధులు గీయండి. ప్రతి ఇంటికీ ఒక చుక్క. కార్డు ఉంటే ఆకుపచ్చ, అర్హత ఉండీ కార్డు లేకపోతే ఎరుపు, పేరు తేడా లాంటి కాగితాల చిక్కుంటే పసుపు. కార్డులు చేసే కేంద్రం, పథకం వర్తించే దగ్గరి ఆసుపత్రి ఎక్కడున్నాయో కూడా గుర్తించండి. ఎరుపు చుక్కలు గుంపుగా కనిపించిన చోట ఆగి కారణం అడగండి. అందరూ పారిశుద్ధ్య కార్మికులైతే పొద్దున పెట్టిన శిబిరం వాళ్లకు పనికిరాదు, సాయంత్రం పెట్టించాలి. భివండీలో మరాఠీ కాగితం చదవలేక ఆగిపోయిన కుటుంబానికి పక్కన కూర్చుని తెలుగులో చెప్పే మనిషి కావాలి. పసుపు చుక్కలు ఎక్కువైతే ముందు ఆధార్ సవరణ, తర్వాతే బీమా. కారణం తెలిస్తే తిరుగుడు సగం తగ్గుతుంది. సందేహం వస్తే 14555కు ఫోన్ చేయండి.

ఒక హెచ్చరిక. ఆధార్ సంఖ్య రాసుకోవద్దు. ఎవరికి ఏ జబ్బుందో రాయవద్దు. ఇంటివాళ్లు వద్దంటే చుక్క కూడా పెట్టవద్దు. ఆ పటాన్ని గుడి గోడకు అంటించవద్దు, వాట్సాప్‌లో పెట్టవద్దు. ఎవరింట్లో ఏ లోటుందో ఊరంతా చూసేలా చేస్తే మేలు చేయబోయి కీడు చేసినవాళ్లమవుతాం. ఇంకో మాట: పటం వీధిది, సంఘ సభ్యులది మాత్రమే కాదు. మన పక్కింటివాళ్లు ఏ దేవుణ్ని కొలిచినా వాళ్ల ఇంటికీ ఒక చుక్క ఉండాలి.

బైబిల్లో రెండు లెక్కలు మనకు తెలుసు. దావీదు జనసంఖ్య తీయించాడు, తర్వాత మనసు నొచ్చుకుని అది పాపమని ఒప్పుకున్నాడు. నూరు గొర్రెల కాపరి కూడా లెక్కపెట్టాడు. తొంభైతొమ్మిది ఉన్నాయని సరిపెట్టుకోకుండా, లేని ఒక్కదాన్ని వెతుక్కుంటూ బయలుదేరాడు. సంఘాల వార్షిక నివేదికల్లో మనం రాసే అంకెలు ఈ రెండింటిలో ఏ లెక్కకు దగ్గరగా ఉన్నాయో మనల్ని మనం అడగాలి. ఎన్ని శిబిరాలు పెట్టామన్నది ఒక అంకె. ఎన్ని ఎరుపు చుక్కలు ఆకుపచ్చ అయ్యాయి, ఆసుపత్రి మెట్లెక్కిన రోజు ఆ కార్డు పనిచేసిందా అన్నది అసలు లెక్క. కార్డు చేతికొచ్చాక కూడా ఆ ఇంటికి ఒకసారి వెళ్లి రావాలని మేమంటున్నది అందుకే.

వాడంతా ఒకేసారి మొదలుపెట్టనక్కర్లేదు. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత ఇద్దరు ముగ్గురు కలిసి ఒక్క వీధి నడవండి. గుడికి అన్నిటికన్నా దూరంగా ఉన్న వీధితో మొదలుపెట్టండి.